అప్‌డేట్: బోరు మోటర్ ఆన్ చేయగానే ఎంసీబీ పడిపోవడం ఆగింది

ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ బోరు మోటర్ స్విచ్ వేయగానే ఎంసీబీ (కరెంట్ ఎక్కువైతే తనంతట తానే ఆఫ్ అయ్యే స్విచ్) పడిపోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగా, సాల్వ్ అయింది. ఎలక్ట్రీషియన్ అన్న ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్ట్ చేసే మీటర్) పెట్టి చూశాడు, వైండింగ్, కేబుల్ బాగానే ఉన్నాయి. మా ఎంసీబీ 16 ఆంప్స్ బి కర్వ్ (ఎన్ని రెట్ల కరెంట్‌కి వెంటనే పడాలో చెప్పే రకం) అంట, అది దాని రేటింగ్‌కి 3 నుంచి 5 రెట్ల కరెంట్‌కే టక్కున పడిపోద్ది, మోటర్ స్టార్టింగ్‌లో లాగేదే అంత ఉంటది, సి కర్వ్ అయితే 5 నుంచి 10 రెట్ల దాకా ఆగుద్దని అదే 16 ఆంప్స్‌లో సి వేశాడు. స్టార్టర్ డబ్బాలో మోటర్ స్టార్ట్ అవ్వడానికి సాయపడే కెపాసిటర్ కూడా వీక్ అయిందని మార్చాడు, ఇప్పుడు మోటర్ వెంటనే అందుకుంటోంది.

అప్పుడు 32 ఆంప్స్ ఎంసీబీ వేసేయమన్నవాళ్ళకి, దయచేసి ఎవరికీ అలా చెప్పకండి, మా వైరు 2.5 స్క్వేర్ ఎంఎందే, ఓవర్‌లోడ్ అయితే ఎంసీబీ పడకుండా వైరే కాలుద్ది.