కోషర్ ముద్రకు ఫీజు తీసుకోవడం దోపిడీ కాదా?

సందేహాల రావు:
యూదుల ఆహార నియమాల ప్రకారమే తయారైందని చెప్పే కోషర్ ముద్ర కావాలంటే కంపెనీ ఫీజు కట్టాలి. ఆ డబ్బు చివరికి కొనేవాడి జేబులోంచే పోతుంది కదా. దేవుడి పేరు చెప్పి చేసే వ్యాపారం ఇది, అంతే.

కృష్ణాతీరం:
రావుగారూ, ఈ గొడవ యూదుల్లోనే ఎప్పుడో జరిగింది. 1888లో న్యూయార్క్ యూదులు రష్యా సామ్రాజ్యంలోని విల్నా నగరం నుంచి జేకబ్ జోసెఫ్ అనే పండితుణ్ణి ప్రధాన రబ్బీగా, అంటే మతగురువుగా పిలిపించుకున్నారు. అప్పటికి అక్కడ కోషర్ మాంసం అమ్మకం ఒక పద్ధతీ పాడూ లేకుండా ఉండేది. ఆయన తనిఖీలు పెట్టించి, సరిగ్గా కోసిన కోడికి సీసపు బిళ్ల కట్టించాడు, బిళ్లకి ఒక సెంటు. ఆ ఒక్క సెంటుకే జనం మండిపడ్డారు, ఎందుకంటే రష్యాలో కోషర్ మాంసం మీద కొరోబ్కా అనే పన్ను కట్టీ కట్టీ విసిగిపోయి వచ్చినవాళ్లు చాలామంది. కసాయిలూ పోటీ రబ్బీలూ కూడా ఎదురుతిరిగారు, ఏర్పాటు కూలిపోయింది.

సందేహాల రావు:
నేనన్నదీ అదేగా!

కృష్ణాతీరం:
సగమే. బిళ్ల పోయినంత మాత్రాన మోసం పోలేదు. 1915లో న్యూయార్క్ రాష్ట్రమే కోషర్ మోసాల మీద చట్టం తేవాల్సి వచ్చింది.

పాతరాతియుగం:
ముద్ర వేయడం అమెరికా వాళ్ల తెలివి కాదు లెండి. యూదులు కానివాళ్ల చేత మాంసం, వైన్ పంపిస్తే రెండు సీళ్లు ఉండాలన్న చర్చ యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముడ్‌లోనే ఉంది. ఇజ్రాయెల్‌లోని అక్కో ఊరి దగ్గర తవ్వకాల్లో రొట్టెల మీద వేసే మట్టి ముద్ర ఒకటి దొరికింది, 6వ శతాబ్దానిది, దాని మీద మెనోరా బొమ్మ, అంటే యూదుల ఏడు కొమ్మల దీపస్తంభం. అప్పుడు అక్కో క్రైస్తవుల ఊరు. రొట్టె ఎవరి పొయ్యిలోంచి వచ్చిందో తెలియాలంటే ఇంకేం చేస్తారు?

సందేహాల రావు:
అయితే ప్రభుత్వమే చూసుకోవచ్చుగా, ప్రైవేటు సంస్థలెందుకు?

కృష్ణాతీరం:
చూసుకుంది, ఇరుక్కుంది. ఆ న్యూయార్క్ చట్టం, సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ శాఖ నియమాలనే కొలతగా పెట్టింది, అంటే ఒక శాఖ పక్షాన నిలబడినట్టే. కోర్టులు కొట్టేశాయి. 2004 చట్టంలో, ఎవరు ధ్రువీకరించారో చెబితే చాలన్నారు. నా లెక్కలో ఫీజు తప్పు కాదు, తనిఖీకి వెళ్లేవాడికి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి. అసలు తేడా ఎక్కడంటే, కోడి బిళ్ల సెంటు కళ్లెదుట కనిపించింది కాబట్టి తిట్టారు. 1923లో హైన్జ్ కంపెనీ బీన్స్ డబ్బా మీద గుండ్రంలో యు అక్షరం ఉన్న కోషర్ ముద్ర వచ్చింది, బిల్లు కంపెనీ కట్టింది, కొనేవాళ్లకు ఆ లెక్క కనిపించనే లేదు.

సందేహాల రావు:
మరి ఆ ఫీజెంతో డబ్బా మీదే అచ్చు వేయమనండి, ఎంతమంది వేస్తారో చూద్దాం.