అప్‌డేట్: స్కాపా ఫ్లోలో డైవింగ్

అండమాన్‌లో తప్ప ఎక్కడా డైవింగ్ చేయని అనంతపురం వాణ్ణి, స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లోని స్కాపా ఫ్లో అనే సముద్రపు ఖాతానికి డైవింగ్‌కు వెళ్లవచ్చా అని అడిగాను కదా, వెళ్లివచ్చాను. ముందు డ్రైసూట్ (ఒంటికి నీరు తగలనివ్వని డైవింగ్ దుస్తులు) వాడకం నేర్చుకోమన్నవారికి నమస్కారం. దాని లోపల గాలి నిలుస్తుంది కాబట్టి మునగడానికి సీసం బరువు ఎక్కువే కట్టుకోవాలి. నీరు రాకుండా బిగించే మెడ పట్టీ అయితే గొంతు పిసికినట్టే ఉంటుంది! వేసవిలోనూ నీరు 12, 13 డిగ్రీలే. పెదవులు మొద్దుబారాయి, మందపాటి చేతి తొడుగులతో టార్చి మీట ఒక పట్టాన దొరకలేదు. 1919లో జర్మన్లు తామే ముంచుకున్న యుద్ధనౌకల్లో ఒకటైన కోల్న్, పక్కకు ఒరిగి, ఒళ్లంతా తెల్లని, నారింజ రంగు సముద్రపు పూలతో (పూలలా కనిపించే సీ అనెమోన్ జీవులు) కనబడేసరికి చలి సంగతే మరిచాను.

ఖర్చు అడిగినవారికి: డ్రైసూట్ నాకు అక్కడే అద్దెకు దొరికింది. కొనకండి, మన ఎండలకు దాని రబ్బరు పట్టీలు నిలవవు.