లోడుతో ఉన్న బొలెరో పికప్ వేగం పెంచడానికి ఎంత ఖర్చవుతుంది?

శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి విశాఖపట్నానికి ఐసుపెట్టెల్లో చేపలు చేరవేసే బొలెరో పికప్ ఒకటి మాకుంది. 2,523 సీసీ డీజిల్ ఇంజను గల ఈ బండి ఖాళీగా ఉన్నప్పుడు చలాకీగానే పరుగెత్తుతుంది గానీ, నిండు లోడుతో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, రణస్థలం దాటాక ముందున్న లారీని ఓవర్‌టేక్ చేయాలంటే, మూడో గేరుకు దించి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా వేగం ఒక పట్టాన పుంజుకోదు.

ఈసీయూలో (ఇంజనును నియంత్రించే కంప్యూటరులో) ప్రోగ్రాం మార్పిస్తే చాలునని ఒక మెకానిక్, టర్బో (ఇంజనులోకి ఎక్కువ గాలిని నెట్టేది), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) కూడా మార్చాలని మరొకరు అంటున్నారు. మొత్తం ఎంతవుతుందో మాత్రం ఇద్దరూ తేల్చి చెప్పడం లేదు. ఇంజను బలం పెరిగితే క్లచ్‌ప్లేటు, బ్రేకులు కూడా అందుకు తగ్గట్టు ఉండాలి కదా, ఆ ఖర్చు ఎవరి లెక్కలోనూ కనిపించడం లేదు.

రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వని పరికరం, అంటే స్పీడ్ గవర్నర్, తప్పనిసరి కనుక దానిని తీయించే ఉద్దేశం నాకు లేదు. 40 నుంచి 70కి త్వరగా అందుకుంటే చాలు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులకు హద్దులు పెట్టింది కాబట్టి, ఫిట్‌నెస్ తనిఖీలోనూ బీమా క్లెయిములోనూ ఇబ్బంది రాని మార్పులు ఏవి?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఇటువంటి పని చేయించినవారు విడిభాగాలకు ఎంతయిందో, కూలికి ఎంతయిందో, ఆ తరువాత మైలేజీ ఎంత తగ్గిందో దయచేసి తెలియజేయగలరు.