‘ద లయన్ కింగ్’ ఏడేళ్ల పిల్లలకు వేయవచ్చా?

వేయిస్తంభాల నీడ: శనివారం హనుమకొండలో మా కాలనీ హాలులో 1994 నాటి ‘ద లయన్ కింగ్’ బొమ్మల చిత్రం వేద్దామనుకుంటున్నాం. ముప్పై మంది పిల్లలు వస్తారు, ఎక్కువ మందికి ఆరేడేళ్లే. సలహా చెప్పండి.

కాజీపేట పెద్దోడు: వద్దు. మంద తొక్కిడిలో సింహరాజు ముఫాసా చనిపోయాక కూన సింబా తండ్రిని లేవమని కదుపుతాడు. లేవకపోతే ఆ కాలి కిందే దూరి పడుకుంటాడు. అది ఏడేళ్ల పిల్లలు చూసేదేనా?

ఓరుగల్లు టీచర్: తప్పకుండా వేయండి. మా మూడో తరగతికి చూపించాను. ఏడ్చారు. సింబా స్నేహితులు టిమోన్, పుంబా పాట అందుకోగానే నవ్వారు కూడా.

బాలసముద్రం: అలీ, బ్రహ్మానందం గొంతులున్నదే కదా?

కాజీపేట పెద్దోడు: కాదు. అది 2019లో కంప్యూటర్‌తో అచ్చం నిజం జంతువుల్లా తీసింది.

బాలసముద్రం: కథ అదే కదండీ.

కాజీపేట పెద్దోడు: కథ అదే, ముఖాలు వేరు. బొమ్మల్లో సింబా ఏడుపు మన పిల్లల ఏడుపులాగే ఉంటుంది. నా భయమే అది.

సుబేదారి: అమెరికాలో అన్ని వయసులవారూ చూడవచ్చని ‘జి’ రేటింగ్ ఇచ్చారు.

కాజీపేట పెద్దోడు: రేటింగ్ ఇచ్చినవాళ్లకు మా ఇంటి పిల్లవాడు తెలియడు.

ఓరుగల్లు టీచర్: జంపన్న వాగుకు ఆ పేరెలా వచ్చిందని మేడారంలో పిల్లలు అడిగితే ఏం చెబుతాం? యుద్ధంలో ఓడిన జంపన్న అందులో దూకి ప్రాణం విడిచాడనే కదా! ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథ వింటూ నానమ్మ ఒడిలో వెక్కివెక్కి ఏడ్చినదాన్ని. నాకేమైంది?

కాజీపేట పెద్దోడు: మీకు నానమ్మ ఒడి ఉంది మేడమ్. చీకటి హాలులో ముప్పై మందికి ఒడి ఎక్కడి నుంచి తెస్తారు?

ఓరుగల్లు టీచర్: పిల్లలను గాజుబొమ్మల్లా పెంచేవారితో పదహారేళ్లుగా వేగుతున్నాను. తాత పోతే ఊరెళ్లాడని చెబుతారు. ఆ పిల్ల నా తరగతిలో గేటు వైపే చూస్తూ కూర్చుంటుంది. మీరు దాచిన చావుకు జవాబు చెప్పుకోవలసింది మేము!

కాజీపేట పెద్దోడు: మేమేమీ దాచలేదు. రెండేళ్ల క్రితం మా తమ్ముడు బండి ప్రమాదంలో పోయాడు. తలకొరివి పెట్టింది వాడి కొడుకే, అప్పుడు ఐదేళ్లు. ఆ సాయంత్రం మిర్చీలు తెమ్మని తండ్రికి ఫోన్ చేసిందీ వాడే. ‘నేను అడగకుంటే నాన్న బతికేవాడా పెద్దనాన్నా’ అని ఇప్పటికీ రాత్రిళ్లు లేచి అడుగుతాడు. సినిమాలో తండ్రి చావు సింబా వల్లేనని బాబాయి స్కార్ నమ్మిస్తాడు. సింబా పారిపోతాడు. అది అబద్ధమని పెరిగి పెద్దయి తిరిగి వచ్చేదాకా తెలియదు. మా వాడు అంతసేపు ఎలా ఆగుతాడు?

ఓరుగల్లు టీచర్: గాజుబొమ్మలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. నేను వేసిన రోజు ఒక పాప సరిగ్గా అక్కడే లేచి బయటికి వెళ్లింది. భయపడిందనుకుని నీళ్లు తాగించి మళ్లీ కూర్చోబెట్టాను. ఎందుకు లేచావని అడగలేదు.

వేయిస్తంభాల నీడ: 88 నిమిషాల సినిమానే. స్కార్ ఆ మాట అన్నచోట ఆపి, పిల్లలతో మాట్లాడి ముందుకు వెళదామా? టీచర్ గారూ, మీరు రాగలరా?

ఓరుగల్లు టీచర్: వస్తాను.

కాజీపేట పెద్దోడు: లైట్లు వేసి ఆపండి. మా వాడికి శుక్రవారం రాత్రి ఇంట్లో నా పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాను. హాలుకు వస్తాడో రాడో వాడే చెబుతాడు.