పిల్లలకు డబ్బు లెక్క, గడియారం చూడడం ఇంట్లో ఎలా నేర్పాలి?

ప్రశ్న: పటమట, విజయవాడ నుండి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా బాబు రెండో తరగతి, పాప ఐదో తరగతి చదువుతున్నారు. బాబుకు వంద వరకు అంకెలు వచ్చు, రెండంకెల కూడికలు కూడా తడుముకోకుండా చేస్తాడు. అయినా ఒక చేతిలో ఐదు రూపాయల బిళ్ళ ఒకటి, మరో చేతిలో రూపాయి బిళ్ళలు మూడు పెట్టి ఎందులో ఎక్కువ డబ్బు ఉందని అడిగితే మూడు బిళ్ళలున్న చేతినే చూపిస్తాడు. గడియారం దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. ఏడూ యాభై అయినప్పుడు చిన్న ముల్లు ఎనిమిది పక్కన కనిపిస్తుంది కాబట్టి ఎనిమిదీ యాభై అంటాడు. పాపకు గడియారం చూడడం వచ్చు గాని, ఇరవై నిమిషాల్లో బయలుదేరాలని చెబితే ఆ ఇరవై నిమిషాలు ఎంతసేపో దానికి అంచనా లేదు.

పాలప్యాకెట్టు మొదలుకొని మా ఇంటి కొనుగోళ్ళన్నీ ఫోనుతోనే జరిగిపోతున్నాయి, సమయం చూసుకునేదీ ఫోనులోనే. అందువల్ల పిల్లల కంటికి చిల్లరా కనబడడం లేదు, ముళ్ళూ కనబడడం లేదు. ఈ రెండింటినీ ఏ వరుసలో, ఏ పనులతో నేర్పాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు: బ్రాడీపేట, గుంటూరు నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని

అమ్మా, మీ బాబు చేస్తున్న రెండు పొరపాట్లూ ఆ వయసు పిల్లలు తరచుగా చేసేవే. అయితే వాటి కారణాలు వేరు కాబట్టి విడివిడిగా చూడాలి.

లెక్కపెట్టడం నేర్పేటప్పుడు ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చొప్పున చెప్పించి, ఆ అలవాటును మనమే గట్టిపరిచాం. ఇప్పుడు ఒకే బిళ్ళను చూపించి ఇది ఐదు అంటే, పిల్లవాడికి అది నేర్చుకున్నదానికి విరుద్ధంగా వినిపిస్తుంది. బిళ్ళల పరిమాణం కూడా వాడికి తోడు రాదు. 2011లో వచ్చిన వరుసలో రెండు రూపాయల బిళ్ళ వ్యాసం 25 మిల్లీమీటర్లు ఉంటే, ఐదు రూపాయల బిళ్ళది 23 మాత్రమే, ఆ బిళ్ళలు ఇప్పటికీ మన చేతుల్లో తిరుగుతున్నాయి. కాబట్టి ప్లాస్టిక్ నాణేలు పక్కన పెట్టి, నిజమైన చిల్లరతో మార్పిడి ఆట ఆడించండి. మీరు బ్యాంకు. రూపాయి బిళ్ళలు ఐదు పోగయ్యాక మాత్రమే వాడు మీ దగ్గరికి వచ్చి, వాటిని ఇచ్చి ఒక ఐదు రూపాయల బిళ్ళ తీసుకోవాలి. అలాంటివి రెండు పోగైతే పది రూపాయల నోటు తీసుకోవాలి. ఆ తరువాత వెనక్కి నడిపించండి: పది రూపాయలకు చిల్లర ఎన్ని రకాలుగా ఇవ్వవచ్చో వాడినే పేర్చి చూపించమనండి. ఐదు బిళ్ళలను తన చేత్తో వదులుకుని ఒక బిళ్ళను అందుకున్నప్పుడు, రెండూ సమానమన్న మాట మనం చెప్పకుండానే వాడికి అర్థమవుతుంది.

నోట్లు దీనికంటే సులువు. ఇప్పటి వరుసలో విలువ పెరిగేకొద్దీ పొడవు కూడా పెరుగుతుంది: పది రూపాయల నోటు 123 మిల్లీమీటర్లు, ఐదు వందల నోటు 150. వెనుకవైపు పదిహేను భాషల్లో విలువ రాసి ఉంటుంది. కూడబలుక్కుని చదివే పిల్లవాడిని ఆ వరుసల్లో తెలుగు ఎక్కడుందో వెతకమంటే ఎంతో ఇష్టంగా చేస్తాడు.

ఇక గడియారం. రెండు ముళ్ళనూ ఒకేసారి ముందు పెట్టడం వల్లే అసలు గందరగోళం వస్తుంది. అట్టముక్క మీద చిన్న ముల్లు ఒక్కటే ఉన్న గడియారం చేసి, కొన్నాళ్ళు దానితోనే చెప్పించండి. ఏడు దాటింది, ఏడుకూ ఎనిమిదికీ నడిమధ్యన ఉంది, ఎనిమిది కావస్తోంది, కాని ఇంకా కాలేదు. ఇంతవరకు చెప్పగలిగితే చాలు, నిమిషాలతో పని లేదు. తరువాత పాత గోడ గడియారం ఒకటి తీసి, బ్యాటరీ తొలగించి, వెనుక ఉన్న మీటను వాడి చేతనే తిప్పించండి. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా చిన్న ముల్లు గెంతకుండా మెల్లగా పక్క అంకె దాకా జరగడం, పెద్దది పన్నెండుకు చేరినప్పుడే చిన్నది అంకెను తాకడం వాడు కళ్ళారా చూస్తాడు. ముళ్ళు విడివిడిగా తిరిగే బొమ్మ గడియారాలు కొనకండి. వాటితో ఏడున్నర పెట్టమంటే పిల్లలు చిన్న ముల్లును సరిగ్గా ఏడు మీదే నిలబెడతారు, ఆ తప్పును సరిచేయడానికి అందులో ఏ ఏర్పాటూ ఉండదు.

నిమిషాలకు ఐదో ఎక్కం వచ్చి ఉండాలి. అది రాకముందు నాలుగు అంకె మీద ముల్లు ఉంటే ఇరవై నిమిషాలని బలవంతంగా బట్టీ పట్టించడం నాకు నచ్చదు.

మీ పాపకు కావలసింది వేరే విద్య. గడియారం చూడడం వేరు, కాలం ఎంత గడిచిందో పసిగట్టడం వేరు. స్నానానికి, జడ వేసుకోవడానికి, పుస్తకాల సంచి సర్దుకోవడానికి ఎన్ని నిమిషాలు పడతాయో ముందుగా తన అంచనా కాగితం మీద రాయమనండి, తరువాత చూసి అసలు సమయం పక్కన రాయమనండి. అంచనాకూ అసలుకూ తేడా తగ్గుతూ వస్తుంది. అప్పుడు బడి బస్సు వచ్చే సమయం నుంచి వెనక్కి లెక్కవేసి, ఎప్పుడు నిద్ర లేవాలో తననే తేల్చమనండి.

జవాబు: సత్యనారాయణపురం, విజయవాడ నుండి ఒక కిరాణా వ్యాపారి

టీచరు గారు చెప్పినదానికి కొట్టు వైపు నుంచి కొంత చేరుస్తాను. పిల్లవాడిని ఒక్క వస్తువు కోసం, నోటు చేతికిచ్చి పంపండి. సాయంత్రం రద్దీలో కాకుండా మధ్యాహ్నం పంపితే మాకు కూడా వాడితో మాట్లాడే తీరిక ఉంటుంది. చిల్లరను తీసివేతతో కాకుండా మేము గల్లాపెట్టె దగ్గర లెక్కించే పద్ధతిలోనే నేర్పండి: సరుకు 37 రూపాయలు, ఇచ్చింది 50 రూపాయల నోటు అయితే, 37కు మూడు కలిపితే 40, మరో పది కలిపితే 50, కాబట్టి తిరిగి రావలసింది 13. తీసివేతలో అప్పు తెచ్చుకోవడానికి తడబడే పిల్లలు కూడా ఇది హాయిగా చేస్తారు. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టేవారు మా వ్యాపారంలో ఉన్నారు, అది నాకు బాధ కలిగిస్తుంది. వద్దు, చిల్లరే ఇవ్వండి అని అడగడం కూడా పిల్లలకు నేర్పాలి. పది రూపాయల బిళ్ళ చెల్లదని ఎవరైనా అంటే నమ్మనివ్వకండి. పద్నాలుగు రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే స్పష్టంగా ప్రకటించింది.

ఫోనుతో చెల్లించడం మానలేమన్నది నిజమే. అయితే చెల్లించిన ప్రతిసారీ బ్యాంకు నుంచి వచ్చే సందేశం పాపకు చూపించి, ముందు ఎంత ఉంది, ఇప్పుడు ఎంత మిగిలింది అని చదివించండి. లేకపోతే డబ్బు ఫోనులోనే పుడుతుందని పిల్లలు నిజంగానే అనుకుంటారు. రైతు బజారుకు వెళ్ళినప్పుడు ధరల బోర్డు ముందు కాసేపు ఆగండి. కిలో 24 రూపాయలని రాసి ఉంటే అరకిలో ఎంత, పావుకిలో ఎంత అని అడగండి. ఆ పావు, అర తెలిసిన పిల్లలకు గడియారంలో పావుగంట, అరగంట కూడా తేలికవుతాయి.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రమే మార్పిడి ఆట మొదలుపెట్టాం. ఇంకొక సందేహం: పిల్లలకు చేతిఖర్చుకు డబ్బు ఇవ్వవచ్చా? ఇంటిపని చేసినందుకు ఇవ్వాలని మా వారు అంటున్నారు. పాప పేరున బ్యాంకు ఖాతా తెరవవచ్చా?

జవాబు: రైల్వే కాలనీ, విజయవాడ

పాపకు ఇరవై నాలుగు గంటల పద్ధతి కూడా ఇప్పుడే చెప్పండి. స్టేషనులో 17:40 అని కనిపిస్తే పన్నెండు తీసివేసి సాయంత్రం 5:40 అని చదవడం ఐదో తరగతికి కష్టం కాదు. బాబుకు మాత్రం అప్పుడే వద్దు. పాపకు ఆసక్తి ఉంటే మరో సంగతి: మన దేశ కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచి పోతుంది. విజయవాడ దానికి పడమరన రెండు డిగ్రీలకు కొంచెం తక్కువ దూరంలో ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు ఆ రేఖ మీది కంటే సుమారు ఏడు నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. మేడ మీద కర్ర పాతి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఎప్పుడవుతుందో చూడమనండి. అన్నవరం వెళ్తే అక్కడి నీడ గడియారం తప్పక చూపించండి.

జవాబు: బ్రాడీపేట ఉపాధ్యాయిని

అమ్మా, ఇవ్వవచ్చు, ఇవ్వడమే మంచిది. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఇద్దరికీ వయసుకు తగినట్టుగా కొద్ది మొత్తం ఇవ్వండి. అది మధ్యలోనే అయిపోతే మళ్ళీ ఇవ్వకండి, వచ్చే వారం దాకా ఆగడంలోనే వాళ్ళు నేర్చుకునేది ఎక్కువ. మీ వారి మాటతో నేను ఏకీభవించలేను. కంచం తీయడం, పక్క సర్దడం ఇంట్లో అందరి పని, దానికి కూలి కట్టకూడదు. పాత పేపర్లు కట్టలు కట్టి అమ్మిపెట్టడం వంటి అదనపు పనికి కొంత ఇస్తే తప్పు లేదు.

బాబుకు మూత తీసి లెక్కపెట్టుకునే వీలున్న డబ్బా ఇవ్వండి. పగలగొడితే తప్ప తెరుచుకోని డిబ్బీలో ఎంత చేరిందో వాడికి కనబడదు. పాపకు పదేళ్ళు నిండితే పోస్టాఫీసులో తన పేరునే పొదుపు ఖాతా తెరిచి తానే నడుపుకోవచ్చు, అందులో కనీసం 500 రూపాయలు ఉండాలి. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవడానికి బ్యాంకులకు కూడా రిజర్వు బ్యాంకు అనుమతి ఇచ్చింది, పరిమితులు ఆయా బ్యాంకులే నిర్ణయిస్తాయి. ఎక్కడ తెరిచినా పాస్ పుస్తకం ఇచ్చేచోటే తెరవండి. డబ్బు జమచేసే కాగితం పాప చేతనే నింపించి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం తననే రాయమనండి.