విమానాలు దిగే దారి కింద ఇల్లు: పడకగదికి డబుల్ గ్లాస్ పెడితే మోత తగ్గుతుందా?

ప్రశ్న:
శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఇల్లు. ఆర్‌సీసీ స్లాబు, 9 అంగుళాల గోడలు. పై గదిలో అల్యూమినియం స్లైడింగ్ కిటికీ, 5 మి.మీ. అద్దం. ఆరేళ్ల పాప రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది. డబుల్ గ్లాస్ చాలా, గోడలకు ఫోమ్ కూడా వేయించాలా?

జవాబు 1:
ఫోమ్ మీద డబ్బు పోయకండి. అది గదిలోని ప్రతిధ్వనిని మింగుతుందే గానీ బయటి మోతను ఆపదు. మీ గోడలు, స్లాబు బాగానే ఆపుతాయి. దొంగ కిటికీయే. స్లైడింగ్ రెక్కలు కలిసేచోట ఉండేది బొచ్చు పట్టీ. గాలి దూరితే శబ్దమూ దూరుతుంది. ఫ్యాను ఆపి, వెలిగించిన అగరుబత్తిని ఫ్రేము చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ వంకర తిరిగినచోట సందు ఉన్నట్టే. ఏసీ పైపు కన్నం దగ్గరా చూడండి.

5+5 అద్దాల మధ్య 12 మి.మీ. ఎడంతో అమ్మే డబుల్ గ్లాస్ ఎండ వేడికి మంచిది. విమానం హోరుకు అంతగా పనికిరాదు: రెండు అద్దాలదీ ఒకే మందం, ఎడమూ తక్కువ, కాబట్టి కలిసి కంపిస్తాయి. పాత కిటికీని ఉంచి, లోపలివైపు 100 మి.మీ. ఎడంతో తలుపులా తెరుచుకునే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ పెట్టించండి. చుట్టూ రబ్బరు గ్యాస్కెట్, 4+4 లామినేటెడ్ అద్దం (మధ్యలో ప్లాస్టిక్ పొరతో అతికించిన రెండు 4 మి.మీ. అద్దాలు). ఫ్రేముకీ గోడకీ మధ్య సందులో స్ప్రే ఫోమ్ కొట్టి వదిలేస్తారు, దానిమీద సీలెంట్ పట్టించేదాకా మేస్త్రీని కదలనివ్వకండి.

జవాబు 2:
పై సలహా సరైనదే, కానీ గాలి సంగతి మరిచారు. కిటికీలు బిగించేశాక గదిలోకి గాలి రాదు, స్ప్లిట్ ఏసీ కూడా బయటి గాలి తేదు. విమానాలు వెళ్లని వైపు గోడకు, లోపల గ్లాస్‌వూల్ అతికించిన వంపు డక్టుతో (గాలి గొట్టం) బయటి గాలి లాగే చిన్న ఫ్యాను పెట్టించాలి. డక్టు తిన్నగా ఉంటే మోత నేరుగా వస్తుంది.

మోత సగటు లెక్క చూసి ఊరట పడకండి. ఏడాదికి 50,000 పైగా రాకపోకలుండే విమానాశ్రయాల చుట్టూ మన 2018 నిబంధన రాత్రి 65 డెసిబెల్స్ సగటును ఒప్పుకుంటుంది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్‌కు చెప్పింది 40. పైగా నిద్ర లేపేది సగటు కాదు, ఒక్కో విమానం తెచ్చే గరిష్ఠ మోత. శబ్దం కొలిచే ఫోన్ యాప్‌ను 'ఏ' వెయిటింగ్‌లో (మన చెవికి వినిపించే తీరుకు తగ్గట్టు లెక్కించే పద్ధతి) పెట్టి, మంచం దగ్గర 10 విమానాల గరిష్ఠం రాసుకోండి. పని అయ్యాక అదే ఫోన్‌తో మళ్లీ కొలవండి. గదిలో ఆ గరిష్ఠం 45 డెసిబెల్స్ దాటకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. పాప బడి కూడా అదే దారి కిందే ఉంది.

జవాబు 2:
అయితే తరగతి కిటికీల గురించీ బడివాళ్లతో మాట్లాడండి. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల దగ్గరి 9-10 ఏళ్ల పిల్లల్లో మోత పెరిగేకొద్దీ చదివి అర్థం చేసుకోవడం వెనకబడినట్టు 2005లో తేలింది. మ్యూనిక్ పాత విమానాశ్రయం 1992లో మూతపడ్డాక మాత్రం అక్కడి పిల్లలు రెండేళ్లలో తేరుకున్నారు.