‘యతగాన్’ అన్న పేరు ఊరిదా, వంపుదా?

ప్రశ్న: ఒట్టోమన్ సైనికుల ‘యతగాన్’ కత్తికి తుర్కియేలోని యతగాన్ అనే ఊరి నుంచే ఆ పేరు వచ్చిందని పలుచోట్ల చదివాను. ఇది నిజమేనా? మన కత్తి, ఖంజర్ వంటి మాటలకు ఆ ఆయుధాల పేర్లతో చుట్టరికం ఏమైనా ఉన్నదా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

సమాధానం: ఊరి కథ ప్రసిద్ధమే గాని, దానిని నిశ్చయంగా ఒప్పుకోవడానికి ఆధారం చాలదని నా అభిప్రాయం. నైరుతి తుర్కియేలోని ముగ్లా ప్రాంతంలో యతగాన్ పట్టణం ఉన్నది. దేనిజ్లి ప్రాంతంలో అదే పేరుతో, కత్తుల తయారీకి పేరుపొందిన మరొక ఊరు ఉన్నది. యతగాన్ బాబా అనే కమ్మరి పేరే ఊరికీ కత్తికీ నిలిచిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఇటువంటి స్థలపురాణాలు మనకూ కొత్తవి కావు. అవి ఊరివారి గౌరవాన్ని తెలుపుతాయి గాని వ్యుత్పత్తికి సాక్ష్యం కాలేవు.

మాట నిర్మాణాన్ని చూస్తే వేరొక దారి కనిపిస్తుంది. తుర్కీలో ‘యత్’ ధాతువుకు పడుకొను, ఒరుగు అని అర్థాలు. దానికి ‘అగాన్’ ప్రత్యయం చేరితే ఆ పనిని అలవాటుగా చేసేది అన్న భావం వస్తుంది. ‘గెజ్’ అంటే తిరుగు; ‘గెజెగెన్’ అంటే తిరుగుతూ ఉండేది, నేటి తుర్కీలో గ్రహానికి అదే పేరు. ఆ లెక్కన యతగాన్ అంటే ఒరిగి ఉండేది. అలుగు (కత్తి రేకు) వంపును బట్టి అన్నారో, నడుముపట్టాలో అడ్డంగా ఒరిగి ఉండటాన్ని బట్టి అన్నారో తేల్చడం కష్టమే అయినా, నా మొగ్గు ఈ ధాతువు వైపే. రాతలో గకారం ఉన్నా, ఇస్తాంబుల్ నోట అది కరిగిపోయి ‘యతాన్’ అన్నట్టే వినిపిస్తుంది.

పేరు పుట్టుకనూ వస్తువు పుట్టుకనూ విడివిడిగా పరిశీలించాలి. యతగాన్ అలుగు లోపలికి వంగి, పదును ఆ లోవంపు వైపునే ఉంటుంది. చేతిని కాచే అడ్డుకమ్మి ఉండదు. పిడి చివర చెవుల్లా రెండుగా విచ్చుకొని ఉంటుంది. మనకు దొరికిన తొలి ఉదాహరణలలో ప్రసిద్ధమైనది, ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ కోసం అహ్మద్ తెకెలూ 1526-27లో చేసి ఇచ్చినది, ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్రాసాదంలో ఉన్నది. దంతపు పిడి, బంగారు పొదుగు పని చూస్తే అది అప్పటికే పండిన కళ అని తెలుస్తుంది. ప్రాచీన గ్రీకుల కోపిస్ కత్తికి కూడా ఇటువంటి లోవంపే ఉన్నందువల్ల, యతగాన్ దాని సంతతి అని కొందరు చెబుతారు. నడుమ ఉన్న వందల ఏళ్లను కలిపే గొలుసును చూపకుండా, రూపసామ్యం ఒక్కదానితో వంశం కట్టడం సరికాదు.

ఒట్టోమన్ ఖడ్గాలలో మరొకటైన కిలిచ్ సంగతి ఇందుకు భిన్నం. అక్కడ మాట ప్రాచీనత శిలపైనే ఉన్నది. మంగోలియాలోని ఒర్ఖోన్ లోయలో 732 నాటి, ప్రాచీన తుర్కు రాకుమారుడు కుల్ తెగిన్ స్మారక శాసనంలో ‘కత్తితో నరికెను’ అన్న క్రియ కిలిచ్ మాట నుంచే ఏర్పడింది. తర్వాత అనటోలియాను ఏలిన సెల్జుక్ సుల్తానులు కొందరు కిలిచ్ అర్స్‌లాన్, అంటే ఖడ్గసింహం, అన్న పేరు ధరించారు. 1571లో లెపాంటో నౌకాయుద్ధం తర్వాత ఉలుచ్ అలీ అనే నౌకాధిపతికి కిలిచ్ అలీ అన్న బిరుదు దక్కింది. కొస దగ్గర వెడల్పై, రెండువైపులా పదునుండే ‘యెల్మాన్’ అన్న భాగం ఈ ఖడ్గానికి గుర్తు. ఇరాన్ వంపు ఖడ్గమైన షంషేరులో అది ఉండదు.

ఇక మన మాటలు. కత్తి ద్రావిడ పదం. తమిళ కన్నడాలలోనూ అదే ఉన్నది కనుక తుర్కీతో ముడిపెట్టనవసరం లేదు. ఖంజర్ విషయంలో మాత్రం చుట్టరికం నిజమే. అరబ్బీ, ఫారసీల ద్వారా తుర్కీలోకి ‘హంచెర్’గా వెళ్లిన మాటే, ఉర్దూ ద్వారా హైదరాబాదుకు ఖంజర్‌గా వచ్చింది, అంటే తుర్కీ మాట మన మాటకు తల్లి కాదు, తోబుట్టువు. ఇరాన్ పాలకుడు నాదిర్ షాకు ఒట్టోమన్ సుల్తాను కానుకగా పంపిన, మూడు పెద్ద పచ్చలు పొదిగిన తోప్‌కాపీ హంచెర్ ఈ జాతిదే. 1747లో ఆయన హతుడు కావడంతో అది దారిలోనే వెనుదిరిగింది.

ఉప ప్రశ్న: అయితే ఒట్టోమన్ ఆయుధాల పేర్లు నేరుగా మనకు రానే లేదా?

సమాధానం: తుర్కీ కత్తుల పేర్లు రాలేదు గాని, మందుగుండు పేర్లు వచ్చాయి. తోపు, అంటే ఫిరంగి, తుర్కీ ‘తోప్’. ఇస్తాంబుల్‌లోని తోప్‌హానె పేట, మన తోపుఖానా ఒకే మాట. తుపాకి కూడా తుర్కీ ‘తుఫెక్’ కుటుంబానికి చెందినదే. కత్తులకు మనకు ముందే సొంత పేర్లు ఉన్నాయి. ఫిరంగి విద్య కొత్తది, దానిని తెచ్చినవారిలో రూమీలు, అంటే ఒట్టోమన్ దేశపు వారు, ముఖ్యులు. బిజాపూరులో నేటికీ ఉన్న మలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోసినవాడి పేరు ముహమ్మద్ బిన్ హుసేన్ రూమీ.